తెచ్చే చేయి, లెక్క రాసే చేయి

2024 డిసెంబరులో అమరావతి కోసం ఒకే నెలలో రెండు పెద్ద రుణాలు మంజూరయ్యాయి. ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) 78.88 కోట్ల డాలర్లు, ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు. ఆ వారాల్లో విజయవాడ, గుంటూరుల్లో ఏ నలుగురు కలిసినా "నిధులు వచ్చేశాయి" అన్న మాటే వినిపించింది. నిజానికి ఆ రోజు వచ్చింది డబ్బు కాదు, డబ్బు అడిగే హక్కు. ముందస్తుగా ఇచ్చే కొంత భాగం పోను, మిగతాదంతా పని చేసి, చూపించి, లెక్క పంపి రాబట్టుకోవాలి. అలా రాబట్టుకోగల యంత్రాంగం ప్రభుత్వం దగ్గర ఉందా అన్న ప్రశ్న మంజూరు వార్తంత గట్టిగా ఎప్పుడూ వినిపించదు.

రుణం మాట విని డబ్బు చూడని అనుభవం ఈ నగరానికి కొత్త కూడా కాదు. ఇదే అమరావతికి ప్రపంచ బ్యాంకు నుంచి 30 కోట్ల డాలర్లు, ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు (ఏఐఐబీ) నుంచి మరో 20 కోట్ల డాలర్లు తేవాలని అంతకుముందు ఏళ్ల తరబడి కసరత్తు జరిగింది. అధ్యయనాలు, సంప్రదింపులు, ఊరూరా సభలు అన్నీ అయ్యాయి. 2019 మేలో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. జులైలో కేంద్రం తన అభ్యర్థనను వెనక్కి తీసుకోవడంతో ప్రపంచ బ్యాంకు ఆ ప్రాజెక్టును వదిలేసింది, ఆ తర్వాత ఏఐఐబీ కూడా తప్పుకుంది. రాజకీయ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే. అన్నేళ్ల తయారీలో పోగైన అనుభవం, మనుషులు, కాగితాలు ప్రభుత్వంలో ఎక్కడ నిలిచాయి? ఐదేళ్ల తర్వాత మళ్లీ అదే పని మొదలుపెట్టినప్పుడు అందులో ఎంత చేతికి దొరికింది?

ముందు మాట సరిచేసుకోవాలి. మనం "విదేశీ సాయం" అని పిలిచేదాంట్లో ఎక్కువ భాగం అప్పు. వడ్డీ తక్కువ, గడువు ఎక్కువ, కానీ అప్పే. ఉచితంగా వచ్చే గ్రాంటు భారతదేశానికి ఇప్పుడు చాలా తక్కువ. ఒకప్పుడు అలా కాదు. 1958లో విదేశీ మారకద్రవ్యం నిండుకున్నప్పుడు ప్రపంచ బ్యాంకు ముందుండి ధనిక దేశాలతో "ఎయిడ్ ఇండియా కన్సార్షియం" ఏర్పాటు చేసింది. ఏటా ఎవరు ఎంత ఇస్తారో ఒక బల్ల చుట్టూ కూర్చుని తేల్చేవాళ్లు. 2003 నాటికి భారత్ చిన్న దాతలకు మర్యాదగా నమస్కారం పెట్టి, కొద్ది దేశాల నుంచి మాత్రమే ద్వైపాక్షిక సాయం తీసుకుంటామని చెప్పింది. 2004 సునామీ వచ్చినప్పుడు విదేశీ ప్రభుత్వాల సహాయ సామగ్రి వద్దంది. కాదనగలగడం కూడా సమన్వయ సామర్థ్యంలో భాగమే, ఆ సంగతికి మళ్లీ వద్దాం.

డబ్బు నడిచే దారి తెలిస్తే సమస్య ఎక్కడుందో తెలుస్తుంది. రాజ్యాంగం 293వ అధికరణ ప్రకారం రాష్ట్రాలు దేశం లోపలే అప్పు చేయగలవు. కాబట్టి ప్రపంచ బ్యాంకు రుణం అమరావతికైనా, పల్లె రోడ్లకైనా ఒప్పందం మీద రుణగ్రహీతగా సంతకం చేసేది కేంద్రమే. రాష్ట్రం ప్రాజెక్టు ఒప్పందం చేసుకుంటుంది. ప్రతిపాదన రాష్ట్ర శాఖలో పుడుతుంది, ఆర్థిక శాఖ దాటుతుంది, ఢిల్లీలో కేంద్ర ఆర్థిక వ్యవహారాల శాఖకు చేరుతుంది, అక్కడ వడపోత అయ్యాక బ్యాంకు ముందుకు వెళ్తుంది. మంజూరయ్యాక దారి తిరగబడుతుంది. మామూలు ప్రాజెక్టుల్లో రాష్ట్రం ముందు తన ఖజానా నుంచి ఖర్చు పెడుతుంది. ఆ ఖర్చు వివరాలతో క్లెయిమ్ తయారు చేసి ఢిల్లీలోని ఎయిడ్ అకౌంట్స్ విభాగానికి పంపుతుంది. అది బ్యాంకుకు వెళ్లి, డబ్బు కేంద్రానికి వచ్చి, అక్కడి నుంచి రాష్ట్రానికి వస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే. ఖజానాకు చేరిన డబ్బుకు రంగు ఉండదు. నెల మొదట్లో జీతాలు, పింఛన్లు, పాత అప్పుల వడ్డీలు వరుసలో నిలబడి ఉంటాయి. ప్రాజెక్టు పేరు మీద తిరిగొచ్చిన సొమ్ము ఆ అవసరాల్లో కలిసిపోతే, కాంట్రాక్టరు బిల్లు పెండింగ్‌లో పడుతుంది. బిల్లు రాని కాంట్రాక్టరు పని ఆపేస్తాడు. పని ఆగితే కొత్త ఖర్చు ఉండదు, ఖర్చు లేకపోతే క్లెయిమ్ ఉండదు, క్లెయిమ్ లేకపోతే బ్యాంకు నుంచి రూపాయి రాదు. చేతిలో వందల కోట్ల రుణ మంజూరు పత్రం ఉండి కూడా రోడ్డు మీద కంకర పరిచి వదిలేసిన దృశ్యానికి చాలాసార్లు కారణం ఈ గొలుసే. ఎవరో ఒకరు దోచుకున్నారని అనుకోవడం తేలిక. కానీ ఎక్కువ సందర్భాల్లో జరిగేది దోపిడీ కాదు, గొలుసులో ఒక కొక్కెం ఊడిపోవడం.

ఆలస్యానికి ఖరీదు కూడా ఉంది. మంజూరై వాడని మొత్తం మీద ప్రపంచ బ్యాంకు ఏడాదికి 0.25 శాతం చొప్పున కమిట్‌మెంట్ చార్జీ వసూలు చేస్తుంది. వినడానికి చిన్న అంకె. 60 కోట్ల డాలర్లు ఒక ఏడాది పాటు వాడకుండా ఉంటే 15 లక్షల డాలర్లు, అంటే డాలరు 85 రూపాయల లెక్కన దాదాపు 13 కోట్లు కట్టాలి. పావు తట్ట మట్టి కూడా ఎత్తకుండా కట్టే డబ్బు ఇది. 2010 మార్చి నాటికి దేశం మొత్తం మీద వాడకుండా పడి ఉన్న విదేశీ రుణాలు లక్షా 5 వేల కోట్ల రూపాయలకు పైగా ఉన్నాయనీ, అంతకుముందు ఏడాదిలో కమిట్‌మెంట్ చార్జీలకే సుమారు 86 కోట్లు పోయాయనీ కాగ్ తప్పుపట్టింది. సరైన ప్రణాళిక లేకపోవడమే కారణమని చెప్పింది.

ఇంకోటి మారకపు రేటు. 2005 ఏప్రిల్ వరకు రాష్ట్రాలకు కేంద్రం విదేశీ రుణాన్ని తన షరతులతో రూపాయల్లో, కొంత గ్రాంటు కలిపి ఇచ్చేది. 12వ ఆర్థిక సంఘం సిఫార్సు తర్వాత ఆంధ్రప్రదేశ్ లాంటి సాధారణ రాష్ట్రాలకు "బ్యాంకు ఏ షరతులతో ఇచ్చిందో అవే షరతులతో మీకు" అన్న పద్ధతి వచ్చింది. వడ్డీ తగ్గింది, కానీ రూపాయి పడిపోతే నష్టం రాష్ట్రానిదే అయింది. 2005 ప్రాంతంలో డాలరు సుమారు 45 రూపాయలే. అప్పుడు తీసుకున్న 10 కోట్ల డాలర్లు చేతికొచ్చినప్పుడు 450 కోట్లు. ఇప్పుడు అన్నే డాలర్లు కట్టాలంటే 850 కోట్లు దాటాలి. కిస్తీలుగా కడతారు కాబట్టి మొత్తం భారం అలా ఒకేసారి పడదు, కానీ ప్రతి కిస్తీ ఆ రోజు రేటుకే కట్టాలి. అమరావతికి ఏడీబీ ఇస్తున్న రుణం డాలర్లలో కాదు, జపాన్ యెన్లలో ఉంది. అంటే ఇక నుంచి రాష్ట్ర ఆర్థిక శాఖలో ఎవరో ఒకరు యెన్ కదలికల మీద కూడా కన్నేసి ఉంచాలి. ఆ పని చేసే కుర్చీ ఉందా, అందులో ఎన్నేళ్లు ఒకే మనిషి కూర్చుంటారు?

ఆలస్యం వల్ల ఈ రాష్ట్రం ఏం పోగొట్టుకుందో చెప్పే ఉదాహరణ దగ్గర్లోనే ఉంది, దాని గురించి పెద్దగా మాట్లాడుకోలేదు. ప్రత్యేక హోదాకు బదులుగా 2016 సెప్టెంబరులో కేంద్రం ప్రత్యేక సాయం ప్రకటించింది. అందులో ముఖ్యమైన అంశం విదేశీ రుణాలదే. 2015-16 నుంచి 2019-20 మధ్య సంతకమై, ఆ కాలంలోనే విడుదలైన రుణాల అసలు, వడ్డీ కేంద్రం తీరుస్తుందన్నది ఆ మాట. అంటే ఐదేళ్ల కిటికీ. ఆ కిటికీలో ఎంత డబ్బు నిజంగా విడుదలైతే అంత లాభం. మరి రుణాలు ఎప్పుడు సిద్ధమయ్యాయి? ఏఐఐబీ 45.5 కోట్ల డాలర్ల గ్రామీణ రోడ్ల రుణం 2018లో ఆమోదం పొందింది. పట్టణాల తాగునీటికి అదే బ్యాంకు 40 కోట్ల డాలర్లు, చెరువుల కింద సాగుకు ప్రపంచ బ్యాంకు 17.22 కోట్ల డాలర్లు కూడా 2018లోనే. కిటికీ మూసుకోవడానికి దాదాపు ఏడాదిన్నరే మిగిలిన సమయమది. కొత్త రాష్ట్రం, చెదిరిన కార్యాలయాలు, హైదరాబాద్ నుంచి 2016లో వెలగపూడికి తరలింపు, ఇవన్నీ నిజమే. ఎవరి మీదా నింద వేయడానికి కాదు ఈ మాట. ప్రాజెక్టును సిద్ధం చేసే బృందం ముందే ఉండి ఉంటే అదే కిటికీలోంచి ఎంతో ఎక్కువ వెలుతురు వచ్చేది, అంతే.

సిద్ధం చేసే బృందం అంటే ఏమిటి? ఇప్పుడున్న పద్ధతి ఇలా ఉంటుంది. రుణం వచ్చాక ఒక పీఎంయూ, అంటే ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ యూనిట్ పెడతారు. దానికి ఒక అద్దె భవనం, ఒక ప్రాజెక్టు డైరెక్టరు, డిప్యుటేషన్ మీద వచ్చిన కొందరు ఇంజనీర్లు, ఔట్‌సోర్సింగ్ మీద కంప్యూటర్ ఆపరేటర్లు, ఒక పెద్ద కన్సల్టెన్సీ సంస్థ మనుషులు. బ్యాంకు నియమాలు తెలిసింది కన్సల్టెంట్లకే. క్లెయిమ్ ఎలా రాయాలో, టెండరు పత్రంలో ఏ నిబంధన ఉండాలో, పర్యావరణ నివేదిక ఏ మూసలో ఉండాలో వాళ్లే చూస్తారు. ఆర్నెల్లకోసారి "మిషన్ వస్తోంది" అన్న కబురు రాగానే ఆఫీసంతా టెన్షన్. మిషన్ అంటే బ్యాంకు నుంచి వచ్చే పరిశీలక బృందం. వాళ్లు వచ్చి, చూసి, సంతకాలు పెట్టి వెళ్లేదాకా వేరే పని సాగదు. ఏడేళ్లో ఎనిమిదేళ్లో అయ్యాక ప్రాజెక్టు ముగుస్తుంది. డిప్యుటేషన్ వాళ్లు మాతృశాఖకు వెళ్లిపోతారు, కన్సల్టెంట్లు ఇంకో రాష్ట్రానికి వెళ్తారు, బీరువాలు ఏదో గోదాములో పడతాయి. తర్వాత ఇంకో శాఖ ఇంకో రుణంతో మళ్లీ ఓనమాలు దిద్దుకుంటుంది.

ఇది ఆంధ్రకే ఉన్న జబ్బు కాదు. 2005లో పారిస్‌లో వంద దాకా దేశాలు, దాతృ సంస్థలు కలిసి ఒక ప్రకటన చేశాయి. సాయం పొందే దేశమే ప్రణాళికకు యజమాని కావాలని, దాతలు ఆ దేశపు ఖజానా, టెండరు పద్ధతులనే వాడాలని, ఎవరికి వాళ్లు వేర్వేరు పీఎంయూలు పెట్టడం తగ్గించాలని ఒప్పుకున్నాయి. ఆ సమయంలో లెక్క తీస్తే ఒక్క వియత్నాంకే 2005లో 791 పరిశీలక బృందాలు వెళ్లాయని తేలింది. ఆదివారాలు కలుపుకున్నా రోజుకు రెండు. అధికారులు పని ఎప్పుడు చేయాలి? టాంజానియా విసిగిపోయి, బడ్జెట్ తయారు చేసుకునే నెలల్లో బృందాలు రావద్దని ఏటా ఒక "నిశ్శబ్ద కాలం" ప్రకటించింది. ఎంత మామూలు ఆలోచన, ఎంత ఉపయోగం! మార్చి నెలలో ఆర్థిక సంవత్సరం ముగింపు హడావుడిలో ఏ ట్రెజరీ ఆఫీసుకు వెళ్లినా దాని విలువ తెలుస్తుంది. పారిస్‌లో పెట్టుకున్న 13 లక్ష్యాల్లో 2010 నాటికి నెరవేరింది ఒక్కటే. కాబట్టి దాతలు వాళ్లంతట వాళ్లు మారతారని కూర్చోవడం పనికిరాదు. పద్ధతి పెట్టుకోవాల్సింది తీసుకునేవాళ్లే.

అలా పెట్టుకున్న దేశంగా అందరూ ముందు చెప్పేది బోట్స్వానా. 1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి ప్రపంచంలోని అతి పేద దేశాల్లో ఒకటి. ఆర్థిక శాఖ, ప్రణాళిక శాఖ ఒకే కప్పు కింద పెట్టారు. ముందు సొంత అభివృద్ధి ప్రణాళిక రాసుకుని, అందులోని పనులనే దాతలకు పంచారు. నువ్వు ఆసుపత్రి కట్టు, నువ్వు రోడ్డు వెయ్యి అని. ప్రణాళికలో లేని పనికి ఎవరైనా డబ్బిస్తామంటే వద్దనేవాళ్లు, ఎందుకంటే కట్టిన భవనాన్ని తర్వాత నడపడానికి సొంత బడ్జెట్‌లో డబ్బు ఉందా లేదా అన్నది ముందే లెక్క వేసుకునేవాళ్లు. వజ్రాలు దొరికాయి కాబట్టి బాగుపడ్డారని అంటారు. వజ్రాలు దొరికిన దేశాలు ఆఫ్రికాలో చాలానే ఉన్నాయి.

విపత్తు తర్వాత వచ్చే సాయంలో తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2004 సునామీలో ఇండొనేసియాలోని అచే ప్రాంతం తుడిచిపెట్టుకుపోయింది. నాలుగు నెలల్లోనే, 2005 ఏప్రిల్‌లో, అక్కడి ప్రభుత్వం పునర్నిర్మాణానికి బీఆర్‌ఆర్ అనే ప్రత్యేక సంస్థ పెట్టి, మాజీ మంత్రి కుంతోరో మంగ్‌కుసుబ్రోతోకు అప్పగించింది. దాని కార్యాలయం జకార్తాలో కాదు, అచేలోనే. వందల సంఖ్యలో వచ్చిన సంస్థలు ఏ ఊళ్లో ఏం కడుతున్నాయో ఒకే డేటాబేస్‌లో నమోదు చేయించింది. అవినీతిని పట్టుకోవడానికి సొంత విభాగం పెట్టుకుంది. నాలుగేళ్లు పనిచేసి, 2009 ఏప్రిల్‌లో ముందే చెప్పిన గడువుకు మూసేసింది. నేపాల్ సంగతి చూడండి. 2015 ఏప్రిల్ 25న భూకంపం, 9 వేల మంది దాకా మరణం. రెండు నెలల్లో దాతల సదస్సు పెట్టి 400 కోట్ల డాలర్లకు పైగా హామీలు సంపాదించారు. కానీ ఆ డబ్బు ఖర్చు పెట్టాల్సిన పునర్నిర్మాణ సంస్థ ఆర్డినెన్సు గడువు తీరి మురిగిపోయింది. పార్టీల మధ్య తగువు తేలి, చట్టం వచ్చి, అధిపతి కుర్చీలో కూర్చునేసరికి డిసెంబరు చివరైంది. వానాకాలం పోయింది, కొండల్లో చలికాలం సగమైంది, జనం రేకుల కిందే ఉన్నారు. హామీ ఇచ్చినవాళ్లు ఉన్నారు, అవసరం ఉన్నవాళ్లు ఉన్నారు, మధ్యలో ఉండాల్సిన బల్ల లేదు.

కృష్ణా జిల్లాకు ఇది పుస్తకాల్లో చదివే విషయం కాదు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమకు దేశం నలుమూలల నుంచీ, విదేశాల నుంచీ సంస్థలు తరలివచ్చాయి. ఇళ్లు కట్టారు, తుపాను షెల్టర్లు కట్టారు. ఆ షెల్టర్లు తర్వాతి తరాల ప్రాణాలు కాపాడాయి. అయితే ఇలాంటి ప్రతి విపత్తులోనూ జరిగేదేమిటంటే, రోడ్డు పక్కన ఊరికి మూడుసార్లు బియ్యం వస్తాయి, కాలువ దాటి లోపలున్న ఊరికి ఒకసారి కూడా రావు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు కూడా పెద్ద రోడ్ల మీద ఆహార పొట్లాలు గుట్టలు పడ్డాయి, సింగ్ నగర్ లోపలి సందుల్లో మేడల మీద జనం నీళ్ల సీసా కోసం ఎదురుచూశారు. అదంతా మన సొంత సాయమే, విదేశీ డబ్బు కాదు. మనవాళ్ల సాయాన్నే పంచడం ఇంత కష్టమైతే, పది బ్యాంకుల పది రకాల షరతులను ఒక చోట కుదర్చడం ఎంత పనో ఊహించవచ్చు.

ఆశ పెట్టుకోదగ్గ ఉదాహరణలూ ఇక్కడే ఉన్నాయి. 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో "వెలుగు" అనే పేదరిక నిర్మూలన పథకం మొదలైంది. దాన్ని నడపడానికి పెట్టిన సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ), రుణం అయిపోగానే మూతపడలేదు. ప్రభుత్వాలు మారాయి, పథకం పేర్లు మారాయి, మహిళా సంఘాలు, మండల సమాఖ్యలు, సంఘం లెక్కల పుస్తకం రాసే అమ్మాయిలు మాత్రం నిలిచారు. 2011లో కేంద్రం జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ తెచ్చినప్పుడు ఈ అనుభవం నుంచే చాలా తీసుకుంది. గుంటూరులో ఉన్న రైతు సాధికార సంస్థ ఆ కొమ్మకు పూసిన పువ్వే. 2014లో పుట్టిన ఈ సంస్థ ప్రకృతి వ్యవసాయానికి ముందు తన పద్ధతి తాను రాసుకుంది. సొంత పొలంలో చేసి చూపిన రైతే పక్క రైతుకు గురువు, ఊళ్లోకి దారి మహిళా సంఘం. ఆ తర్వాత డబ్బు వచ్చింది. కొంత కేంద్ర పథకాల నుంచి, కొంత అజీమ్ ప్రేమ్‌జీ దాతృత్వ సంస్థ నుంచి, జర్మనీ ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ నుంచి 9 కోట్ల యూరోల రుణం. మూడు జేబుల డబ్బు, ఒక్కటే ప్రణాళిక. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ పురస్కారం పంచుకున్నవాళ్లలో ఈ కార్యక్రమం ఉంది. దిగుబడుల మీద, విస్తరణ వేగం మీద వాదనలు ఉన్నాయి, ఉండాలి కూడా. కానీ సమన్వయం అన్న ఒక్క కోణంలో చూస్తే, దాత వచ్చి ప్రణాళిక ఇవ్వలేదు, ప్రణాళిక ఉన్న చోటికి దాత వచ్చాడు.

విజయవాడలో దీనికి మరో వైపు కూడా కనిపిస్తుంది. 1990లలో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ఇక్కడి మురికివాడల్లో అభివృద్ధి పథకం నడిచింది. సందుల్లో సిమెంటు రోడ్లు, కాలువలు, వీధి దీపాలు, కమ్యూనిటీ హాళ్లు వచ్చాయి. మనుషుల బతుకుల్లో తేడా వచ్చిన మాట నిజం. అయితే పథకం వెళ్లిపోయాక కాలువ పూడిక తీసేదెవరు, హాలుకు సున్నం వేసేదెవరు అన్నది ఎప్పుడూ మిగిలిపోయే ప్రశ్న. ఇచ్చిన దేశం కూడా శాశ్వతం కాదు. బ్రిటన్ భారత్‌కు ఇచ్చే ఆర్థిక సాయాన్ని 2015తో ఆపేసింది. అమెరికా అయితే 2025 జనవరిలో విదేశీ సాయాన్ని ఒక్క ఉత్తర్వుతో నిలిపి, జులై 1 నుంచి యూఎస్ఎయిడ్ సంస్థనే మూసేసింది. మందులకు, జీతాలకు దాని మీదే ఆధారపడ్డ దేశాల్లో క్లినిక్‌లు వారాల్లో తాళాలు వేసుకున్నాయి. ఏ పనికి ఎవరి డబ్బు, అది ఆగితే ప్రత్యామ్నాయం ఏమిటి అన్న పట్టిక ముందే రాసి పెట్టుకున్న ఆరోగ్య శాఖలు కొంతైనా తేరుకోగలవు.

ఇప్పుడు అమరావతికి వస్తే, ఈసారి రుణాల స్వభావమే మారింది. ప్రపంచ బ్యాంకు 2012లో మొదలుపెట్టిన "ఫలితాలకే డబ్బు" పద్ధతిలో, బిల్లులు చూసి కాకుండా ముందే ఒప్పుకున్న ఫలితాలు చూసి డబ్బు ఇస్తారు. ఏడీబీది కూడా అదే బాట. ఇంత పొడవు వరద కాలువ పూర్తయిందా, ఇంతమందికి నైపుణ్య శిక్షణ అందిందా, సంస్థాగత సంస్కరణ జరిగిందా అన్నది బయటి సంస్థ తనిఖీ చేసి ధ్రువీకరించాలి. టెండర్లు, ఖాతాలు, ఆడిట్ చాలావరకు రాష్ట్రం సొంత పద్ధతుల్లోనే సాగుతాయి. పారిస్‌లో అడిగింది ఇదే, కాబట్టి ఇది గౌరవమే. కానీ దాంతో దాక్కునే చోటు పోయింది. ఇంతకాలం కన్సల్టెంటు నింపిన ఫారంతో గడిచిపోయేది, ఇప్పుడు సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) లెక్కలు, ఆర్థిక శాఖ విడుదలలు, ఆడిట్ నివేదికలు సకాలంలో రాకపోతే నేరుగా రుణ వాయిదానే ఆగుతుంది.

ఫిర్యాదులను వినడం కూడా ఇందులో భాగం, దీన్ని చాలామంది అడ్డంకిగా చూస్తారు. ప్రపంచ బ్యాంకుకు 1993 నుంచి ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ అనే స్వతంత్ర విభాగం ఉంది. ప్రాజెక్టు వల్ల నష్టపోయామనుకునేవాళ్లు నేరుగా దానికి రాసుకోవచ్చు. 2017లో అమరావతి ప్రాంత రైతులు కొందరు అలాగే రాశారు. 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా భూసమీకరణ జరిగిన చోట అసంతృప్తులు ఉండకపోతేనే ఆశ్చర్యం. అయితే కౌలు రైతు, కూలీ, అసైన్డ్ భూమి సాగుదారు తన మాట చెప్పుకోవడానికి తుళ్లూరులో ఒక గది, ఒక రిజిస్టరు, ఫలానా తేదీలోగా జవాబు వస్తుందన్న నమ్మకం ఉంటే, ఆ ఉత్తరం వాషింగ్టన్ దాకా వెళ్లాల్సిన అవసరం తగ్గుతుంది. అక్కడి నుంచి వచ్చే ప్రశ్నకు జవాబు రాయడానికి పట్టే నెలలతో పోలిస్తే ఆ గది అద్దె ఏపాటిది?

స్వచ్ఛంద సంస్థల డబ్బు మాత్రం పూర్తిగా వేరే దారి. అది విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద, 2020 సవరణ తర్వాత ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతా ద్వారానే రావాలి. దాన్ని చూసేది కేంద్ర హోం శాఖ. జిల్లాలో ఏ సంస్థ ఏ పని చేస్తోందో జిల్లా ప్రణాళికలో కనిపించే ఏర్పాటు లేకపోవడం వల్ల ఒకే ఊళ్లో రెండు శిక్షణ కేంద్రాలు వెలుస్తాయి, పక్క ఊళ్లో ఒక్కటీ ఉండదు.

కావాల్సింది కొత్త భవనం కాదు, పెద్ద పేరున్న అథారిటీ అంతకంటే కాదు. ఆర్థిక శాఖలో ఇరవై, ముప్పై మందితో ఒక స్థిరమైన విభాగం చాలు. రుణం ఒప్పందం భాష చదవగలిగే న్యాయ నిపుణుడు, మారకపు రేటు తెలిసిన అధికారి, టెండరు నియమాలు పది ప్రాజెక్టుల్లో చూసిన ఇంజనీరు, క్లెయిములు రాయడంలో చేయి తిరిగిన అకౌంటెంట్లు. వాళ్లను మూడేళ్లకోసారి ఎన్నికల గాలికి బదిలీ చేయకూడదు. ప్రతి పీఎంయూలో కన్సల్టెంటు పక్కన ఒక శాశ్వత ఉద్యోగి కూర్చుని నేర్చుకోవాలి, ఒప్పందంలోనే ఆ షరతు రాయాలి. 2018 నుంచి రాష్ట్రంలో సీఎఫ్‌ఎంఎస్ అనే ఆర్థిక నిర్వహణ వ్యవస్థ ద్వారా ప్రతి బిల్లూ కంప్యూటర్లో నడుస్తోంది. అందులోనే విదేశీ రుణాల పనులకు ప్రత్యేక గుర్తు పెట్టి, వచ్చిన వాయిదా ఎన్ని రోజుల్లో పనికి చేరిందో ఎవరైనా చూసేలా పెడితే గొలుసులో ఏ కొక్కెం ఊడిందో ఆ వారమే తెలుస్తుంది. ఖర్చు తక్కువ, కానీ ఇబ్బందికరం, ఎందుకంటే ఆ అంకె ఆర్థిక శాఖ గురించే మాట్లాడుతుంది.

ఇంకో చిన్న పని ఉంది. ప్రాజెక్టు ముగిశాక ప్రపంచ బ్యాంకు ఏం జరిగింది, ఎక్కడ తప్పింది అని పూర్తి నివేదిక రాసి అందరికీ అందుబాటులో పెడుతుంది. 1996 తుపాను తర్వాతి పునర్నిర్మాణం, వెలుగు, చెరువుల బాగు, అన్నింటి మీదా అలాంటివి ఉన్నాయి. ఆంధ్రలో ఏ పద్ధతి పనిచేసింది, ఏది చేయలేదు అన్నది వాషింగ్టన్ వరుసగా గుర్తుపెట్టుకుంది. రాష్ట్ర విభజనలో ఫైళ్లు, ఉద్యోగులు రెండుగా చీలిన మన సచివాలయంలో అది అంత వరుసగా దొరకదు. ఆ నివేదికలను ఒక చోట చేర్చి, ప్రతిదానికీ మన వైపు కథను తెలుగులో పది పేజీల్లో రాయించడానికి ఆ పనుల్లో చేసిన ఇంజనీర్లు, ప్రాజెక్టు డైరెక్టర్లలో చాలామంది ఇప్పుడు రిటైరై విజయవాడలో, గుంటూరులో, హైదరాబాద్‌లో ఉన్నారు. వాళ్ల ఫోన్ నంబర్లు ఇంకా పనిచేస్తున్నాయి.